సీటు వదిలిన వీపు

పోయిన వారం మనం హేరిమ్‌ను తన కళ్ళద్దాల దుకాణంలో, చెవికి ఫోను ఆనించుకుని నిలబడి ఉండగా వదిలేశాం. అవతల మాట్లాడుతున్నది రంగస్థల నటి కూ మిహ్వా. ఏ గొంతు కోసం హేరిమ్ పదహారేళ్ళుగా సెలవులూ నిద్రా వదులుకుందో ఆ గొంతే స్వయంగా ఫోను చేసింది. ముద్దుగా పలకరించడానికి మాత్రం కాదు.

"'ఎడమ వైపు' అనే పేరుతో నెట్‌లో నాటకాల సమీక్షలు రాసేది నువ్వేనట కదా. ఆ పిల్ల గురించి రాశావు. చూసి రాశావా, చూడకుండా రాశావా?" అని అడిగింది మిహ్వా. హేరిమ్ జవాబు కోసం ఆవిడ ఆగలేదు. "బుధవారం మధ్యాహ్నం ఆటకి రా. నా పక్క సీటు నీది. చూశాక నీకు ఏం రాయాలనిపిస్తే అది రాసుకో" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

ఈ గొడవంతా దేనికో, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పాలి. 'ఉప్పు పడవ' అనే సంగీత నాటకంలో చిల్‌రే అనే తల్లి వేషం ఉంది. ఉప్పు పడవ మొగుణ్ణి మింగేశాక, కొడుకును కూడా అదే పడవ ఎక్కించక తప్పని మనిషి. మా సియోల్‌లో పెద్ద వేషాన్ని ఒక్కరే మోయరు. ఇద్దరో ముగ్గురో పంచుకుంటారు, ఏ ఆటకు ఎవరన్నది ముందే చెబుతారు, చూసేవాళ్ళు తమకు నచ్చిన మనిషిని బట్టి టికెట్టు కొనుక్కుంటారు. చిల్‌రే అంటే మొదటి పేరు ఎప్పుడూ మిహ్వాదే. ఈసారి మూడో పేరుగా చా యోన్‌డు వచ్చింది. ఒకప్పుడు ఆడపిల్లల పాటల బృందంలో మెరుపుల గౌను వేసుకుని గంతులేసిన పిల్ల. రిహార్సల్ నుంచి బయటికి వచ్చిన అరనిమిషం వీడియో చూసి, 'ఉప్పు రుచి తెలియని గొంతు' అని రాసిపారేసింది హేరిమ్. ఆ మాట అందరి నోళ్ళలోనూ నానింది. యోన్‌డు ఆటలకు టికెట్లు కొన్నవాళ్ళు వరసగా రద్దు చేసుకున్నారు.

ఇక బుధవారం.

హేరిమ్ దుకాణానికి మధ్యాహ్నమే తాళం వేసి, నాటకాల హాళ్ళుండే హ్యేహ్వాకు బయలుదేరింది. హాలు ముందు గదిలో, ఆ రోజు ఎవరెవరు వేషం కడుతున్నారో ఫొటోలతో సహా చూపించే బోర్డు ఉంటుంది. దాని ముందు వరసలో నిలబడి ఫొటో తీసుకోనిదే ఏ అభిమానీ లోపలికి వెళ్ళదు. మిహ్వా రోజుల్లో ఆ వరస మెట్ల దాకా పాకుతుంది. ఇవాళ ఉన్నది గుప్పెడుమంది. వాళ్ళలో ఓక్‌బున్ ఒకతె. మాపోలో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం ఆమెది. మిహ్వా అయినా సరే, రెండో ఆవిడైనా సరే, తెర కదిలితే చాలు, చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకునే మనిషి.

"ఏమే, నువ్వా? ఇవాళ యోన్‌డు రోజే. దారి తప్పి వచ్చావా?" అంది ఓక్‌బున్.

"చూద్దామనే వచ్చానక్కా."

"రాసేశాక చూడ్డానికొచ్చావన్నమాట. నీ దుకాణంలో కూడా అంతేనా? కళ్ళద్దాలు చేతిలో పెట్టేసి, తర్వాత కళ్ళు పరీక్ష చేస్తావా?"

హేరిమ్‌కు చురుక్కుమంది. కానీ వేషాల గురించి మాట వస్తే ఆమె ఊరుకునే రకం కాదు. "అదికాదక్కా. వేషం ఇచ్చేటప్పుడు చూడాల్సింది ఎలా పాడుతుందని కాదు. పక్కవాళ్ళు పాడుతుంటే ఎలా నిలబడుతుందని. ఈ బృందాల పిల్లలకి తమ వంతు రాగానే వెలగడం, అయిపోగానే ఆరిపోవడం అలవాటు. చిల్‌రే అలా ఆరిపోతే ఎలా? పాట లేనప్పుడు కూడా ఆమె తల్లే కదా."

"బాగానే చెప్పావు. ఇదంతా అరనిమిషంలో కనిపించిందా నీకు?"

"కంపెనీవాళ్ళు మొహం చూసి ఇచ్చారక్కా. ఆ పిల్ల అభిమానులు హాలు నింపుతారని."

"అభిమానులట. ఆ బృందం విడిపోయి ఎన్నేళ్ళయిందో తెలుసా నీకు? నింపేవాళ్ళెవరూ లేరు. లోపలికెళ్ళి చూడు, నీకే తెలుస్తుంది." ఓక్‌బున్ ఫోను సంచిలో వేసుకుంది. "నేను నాటకం చూడ్డానికొస్తానే. నువ్వు తక్కెడ పట్టుకుని వస్తావు. అదీ మనిద్దరికీ తేడా."

తక్కెడ మాట అబద్ధం కాదు. హేరిమ్ దగ్గర నిజంగానే ఒక కొలత ఉంది, ఆ కొలతకు సియోల్‌లో సగం మంది నటులు భయపడతారని వినికిడి. పొడుగాటివాళ్ళకు రాజు వేషం, సన్నగొంతువాళ్ళకు ప్రియురాలి వేషం ఇచ్చే నిర్మాతలంటే ఆమెకు ఒళ్ళుమంట. గట్టిగా పాడితే బాగా పాడినట్టు లెక్కేసే జనమంటే అంతకన్నా మంట. ముగ్గురు ఒకే వేషం వేస్తే, కళ్ళారా చూడకుండా వాళ్ళలో ఒక్కరి గురించి కూడా రాయకూడదన్నది ఆమె పెట్టిన నియమమే. ఇన్నేళ్ళలో ఆ నియమం ఒక్కసారే తప్పింది. అది ఎవరి విషయంలోనో ఇప్పుడు మీకు తెలుసు.

ఆమె పెట్టుకున్న నియమాల్లో అన్నిటికన్నా గట్టిది ఇంకొకటి ఉంది, కూర్చోవడం గురించి. ఆట మొదలయ్యే ముందు హాల్లో చెబుతారు, వీపు సీటుకు ఆనించి కూర్చోమని. ఒక్కరు ముందుకు వంగితే వెనకవాళ్ళకు రంగస్థలం సగం పోతుంది. మా జనం ఈ మాటను వేదవాక్కులా పట్టుకున్నారు. దగ్గరు, సంచి తెరవరు, కాలు మీద కాలు మార్చుకోరు. ఎదురుగా గుండెలు పగిలిపోతున్నా శవాల్లా కూర్చుని చూస్తారు. ఈల వేసి మళ్ళీ పాడమనే జనం కాదు. వాళ్ళందరిలోకీ హేరిమ్ పెద్ద శవం. ఒకసారి ముందు వరసలో వంగి చూసిన కాలేజీ కుర్రాణ్ణి విరామంలో నిలబెట్టి కడిగిపారేసింది, పాపం వాడు రెండో అంకానికి తిరిగి రాలేదు.

లోపలికి వెళ్ళి చూస్తే ఓక్‌బున్ చెప్పింది నిజమే. ఎడమ వైపు సీట్లు పళ్ళూడిన నోరులా ఉన్నాయి. హేరిమ్ రాతలు చదివేవాళ్ళంతా ఆమెలాగే ఎడమ వైపే కొంటారు, ఎందుకంటే చిల్‌రే పాట పాడేటప్పుడు మొహం అటే తిప్పుతుందని చెప్పింది ఆమే. ఆ ఖాళీలన్నీ తన పాఠకులవేనని ఆమెకు తెలిసింది. ఆ సంగతి అంత హాయిగా అనిపించలేదు.

మిహ్వా అప్పటికే వచ్చి నడిమి సీట్లలో కూర్చుని ఉంది. టోపీ, మూతికి గుడ్డ, చెవుల మీదికి దువ్విన జుట్టు. చుట్టుపక్కలవాళ్ళు గుర్తుపట్టారు, కానీ చూడటానికొచ్చిన నటిని గుర్తుపట్టనట్టు ఉండటం కూడా మా మర్యాదల్లో ఒకటి. హేరిమ్ నడవాలో నిలబడి "నమస్కారమండీ, నేను హేరిమ్‌ని" అంది. జవాబు లేదు. ఇంకోసారి అంది. మిహ్వా రంగస్థలం వైపే చూస్తోంది. కోపంగానే ఉంది కాబోలు అనుకుని హేరిమ్ నెమ్మదిగా సీట్లో కూర్చుంది. అప్పుడు మిహ్వా ఉలిక్కిపడి తిరిగి చూసి, తల ఊపింది.

పదహారేళ్ళుగా దుర్భిణిలోంచి చూసిన మొహం జానెడు దూరంలో ఉంది. హేరిమ్‌కు మోచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఊపిరి గట్టిగా వదిలితే ఆవిడకు తగులుతుందేమోనని అది కూడా పొదుపుగా వదిలింది.

ఆట మొదలైంది. యోన్‌డు వచ్చింది. పొట్టి మనిషి, గుండ్రటి భుజాలు. హేరిమ్ దుర్భిణి తీసి తప్పులు వెతకడం మొదలుపెట్టింది. మొదటి అంకంలో కోడలు పాడుతుంటే చిల్‌రే మూల కూర్చుని ఉప్పు బస్తాల మూతులు కడుతుంది. చూసేవాళ్ళంతా కోడలి వైపు చూస్తారు. హేరిమ్ మాత్రం మూల వైపే చూసింది. ఆ చేతులు ఊరికే ఆడటం లేదు. తాడు రెండు చుట్లు చుట్టి, పంటితో లాగి, ముడి వేస్తున్నాయి. కోడలి పాటలో పడవ మాట వచ్చినప్పుడల్లా ఆ చేతులు ఒక్క రవ్వ నెమ్మదిస్తున్నాయి. మొహంలో ఏమీ లేదు. చేతులకు మాత్రం భయం తెలుసు.

'ఇది ఎవరో నేర్పి ఉంటారు' అనుకుంది హేరిమ్. కొంచెం సేపటికి, 'నేర్పితే వచ్చేది కాదే ఇది' అనుకుంది. తప్పు దొరకనందుకు ఆమెకు విసుగొచ్చింది. పాట అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. మిహ్వా కూడా కొట్టింది, కానీ ఒక్క క్షణం ఆలస్యంగా, పక్కవాళ్ళ చేతుల వైపు చూసి. వేషం పంచుకోవాల్సి వచ్చినవాళ్ళకు చప్పట్లు అంత తొందరగా రావులే అని హేరిమ్ మనసులో సర్దిచెప్పుకుంది.

రెండో అంకంలో ఆ పాట వచ్చింది.

పడవ తిరిగి రాలేదు. బురద తీరం మీద చిల్‌రే ఒక్కతే. పాట చివర మిహ్వా లేచి నిలబడి, చేతులు చాచి, 'నీళ్ళు ఇంటికొచ్చాయి నాన్నా, నువ్వింకా రాలేదు' అన్న మాటను హాలు కప్పు దాకా ఎత్తేది. అక్కడ ఏడవని మనిషిని హేరిమ్ చూడలేదు. చిల్‌రే అంటే అదేనని, దానికి తక్కువైతే చిల్‌రే కాదని ఆమె తీర్పు. ఈ పిల్ల గొంతు అక్కడికి ఎక్కదు, ఎక్కినా పగులుతుంది అని వేచి చూసింది.

యోన్‌డు లేవలేదు. కూర్చునే ఉంది. వాద్యాలు పైకి లేస్తున్నాయి, ఆమె మాత్రం కిందికి దిగుతోంది. ఆఖరి మాట దగ్గరికి వచ్చేసరికి, పక్క గదిలో నిద్రపోతున్న పసివాణ్ణి, లేవకూడదని భయపడుతూనే పిలిచినట్టు, పెదవులు కదిలీ కదలకుండా పాడింది. "నీళ్ళు ఇంటికొచ్చాయి నాన్నా." అక్కడ ఆగింది. మిగిలిన సగం ఇంకా నెమ్మదిగా, తనకే చెప్పుకుంటున్నట్టు. కొడుకు చచ్చిపోయాడని ఊరందరికీ తెలుసు, చూస్తున్న మాకూ తెలుసు. ఆమెకు మాత్రం తెలియకూడదు. గట్టిగా పిలిస్తే, జవాబు రాకపోతే, తెలిసిపోతుంది. అందుకే నెమ్మదిగా పిలుస్తోంది.

ఇన్నేళ్ళూ ఈ పాట గురించి పేజీలకు పేజీలు రాసిన హేరిమ్‌కు ఆ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు.  ఆ గొంతు అంత చిన్నది, అంత పెద్ద హాల్లో ఆఖరి వరస దాకా ఎలా చేరుతోందో అర్థం కాలేదు. దాన్ని వినడానికి జనమంతా ఊపిరి ఆపారు. వాద్యాలు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ గమనించలేదు. దేవుడి ఎదుట నిలబడితే ఇలాగే ఉంటుంది కాబోలు అనిపించింది ఆమెకు. చేతిలో దుర్భిణి ఒళ్ళోకి జారింది.

భుజం మీద ఎవరో వేలితో తట్టారు. నడవాలో సీట్లు చూపించే అమ్మాయి గొంతుక్కూర్చుని, అరచేతిని నెమ్మదిగా వెనక్కి తోస్తున్నట్టు సైగ చేస్తోంది. హేరిమ్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. ఆమె వీపు సీటును వదిలేసింది. ఎప్పుడు వదిలిందో తెలియదు, గడ్డం దాదాపు ముందు సీటు మీద ఉంది. సియోల్ అభిమానుల్లో పెద్ద శవం లేచి కూర్చుంది.

సిగ్గుతో వెనక్కి ఆనుకుంటూ పక్కకు చూసింది. మిహ్వా రంగస్థలం వైపు చూడటం లేదు. హేరిమ్ వైపే చూస్తోంది.

ఆట అయ్యాక మిహ్వా అన్నది ఒక్కటే మాట. "రా, నూడుల్స్ తిందాం."

హాలు వెనక సందులో ఒక నూడుల్స్ కొట్టు ఉంది. పాత నటులంతా అక్కడే తింటారు. భోజనాల వేళ దాటిపోయింది కాబట్టి బల్లలన్నీ ఖాళీ, యజమానురాలు వెనక వంటగదిలో మర్నాటికి క్యాబేజీ కోసుకుంటోంది. మిహ్వా గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని, హేరిమ్‌ను ఎదురుగా కూర్చోమంది. "ఇటు జరుగు. వెలుతురు నీ మొహం మీద పడాలి" అంది.

మట్టి గిన్నెల్లో పొగలు కక్కుతూ నూడుల్స్ వచ్చాయి. మిహ్వా కిమ్చి పచ్చడి పళ్ళెం ముందుకు తోసి, టోపీ తీసి పక్కన పెట్టింది.

"ఒక మాట అడుగుతాను. తిన్నగా చెప్పు. ఆఖర్న ఆ పిల్ల పాడిందా, మాట మర్చిపోయిందా?"

హేరిమ్ చెంచా గాల్లోనే ఆగింది. ఎత్తిపొడుపు అనుకుంది. "ఎగతాళి చేస్తున్నారా? మీరు పక్కనే ఉన్నారు కదండీ."

"ఉన్నాను. పెదవులు కదిలీ కదలనట్టున్నాయి. మర్చిపోయిందనుకుని నా ప్రాణం గిలగిల్లాడింది. అందుకే నీ వైపు చూశాను."

మిహ్వా జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. ఆ వయసు ఆడవాళ్ళు కమ్మలు పెట్టుకునే చోట, వేలి గోరంత యంత్రం. రెండో చెవికీ అదే.

"ఇవి పెట్టుకుంటే ఎదురుగా ఉన్న మనిషి మాట కొంత తెలుస్తుంది. మిగతాది మొహం చూసి పట్టుకుంటాను. పాట మాత్రం, రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటుంది. రెండేళ్ళ నుంచి ఇదే."

హేరిమ్‌కు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. జవాబు రాని పలకరింపు. ఆలస్యంగా పడిన చప్పట్లు. "మరి ఈ రెండేళ్ళూ ఎలా పాడారండీ?" అంది. గొంతు ఆమెకే వినపడలేదు. మిహ్వాకు మాత్రం అందింది, పెదవుల మీంచి.

"వాద్యాలు నడిపించే ఆయన చెయ్యి చూసి. డప్పు నేల మీంచి అరికాళ్ళకి తెలుస్తుంది. అందుకే చెప్పులు విడిచేశాను."

చెప్పులు. 'ఈసారి మిహ్వా చిల్‌రే వట్టి కాళ్ళతో వస్తుంది, ఆ పాదాల్లో ఆ తీరం పేదరికమంతా ఉంది' అని హేరిమ్ రాసింది. ఎంతమందో దాన్ని మెచ్చుకున్నారు.

మిహ్వా నవ్వింది. "చదివాను. చాలా బాగుంది. నేనే నమ్మేశాను."

"నవ్వకండి మీరు."

"ఏడవమంటావా? నూడుల్స్ చల్లారిపోతాయి, తిను." మిహ్వా తను కూడా ఒక ముద్ద తిని మళ్ళీ అంది. "ఆ పిల్లని తెచ్చింది కంపెనీ కాదమ్మాయ్. నేను. ఎంపికకి చాలామంది వచ్చారు. వాళ్ళ గొంతులు నాకెక్కడ వినపడతాయి? ఒక్కొక్కళ్ళని బయటికి తీసుకెళ్ళి, మెడ కింద ఎముక మీద చెయ్యి పెట్టి పాడమన్నాను. అందరికీ గట్టిగా పాడితే ఎముక అదిరింది. ఈ పిల్లకి నెమ్మదిగా పాడినా అదిరింది. అంతే, ఇదే అన్నాను. నా చెవుల సంగతి మాత్రం ఆ పిల్లకి కూడా తెలియదు. కానీ చేత్తో చూసింది చేత్తో చూసిందే కదా. హాల్లో ఎలా ఉంటుందో నాకు చెప్పేవాళ్ళు కావాలి. నాతో ఉన్నవాళ్ళంతా నన్ను బాధపెట్టకూడదని అబద్ధాలు చెబుతారు. నీకు మొహమాటం లేదని ఊరంతా తెలుసు."

"నా చెవులు కావాలని పిలిచారన్నమాట."

"అవును. ఆఖరి ఆట నా పేరు మీద ఉంది. రేపు పొద్దున ఆఖరి వారం పేర్లు ప్రకటించేస్తారు. ఆ పిల్ల మొయ్యగలిగితే ఆ రోజు దానికి ఇచ్చేసి, నేను నా కాళ్ళ మీద దిగిపోతాను. మొయ్యలేకపోతే నేనే ఎక్కాలి. ఎక్కితే పడిపోతానని నాకు తెలుసు. మొన్న రెండుచోట్ల తాళం తప్పాను, నువ్వు దాన్ని కూడా 'దుఃఖంతో తడబడింది' అని రాశావు." మిహ్వా చాప్‌స్టిక్‌లు గిన్నె మీద అడ్డంగా పెట్టింది. "ఇప్పుడు చెప్పు. పాడిందా?"

హేరిమ్‌కు అబద్ధం ఆడాలనిపించింది. ఒక్క అబద్ధం చాలు, ఆఖరి రోజు మిహ్వానే చూడొచ్చు. చప్పట్లలో మిహ్వా తల వంచి నిలబడటం ఇంకొక్కసారి చూడొచ్చు. ఆ ఆశ ఆమె గొంతు దాకా వచ్చింది. కానీ దాని వెనకే ఆ చిన్న పిలుపు కూడా వచ్చింది.

"పాడిందండీ. మర్చిపోలేదు. గట్టిగా పిలిస్తే కొడుకు పలకడని తెలిసిపోతుందని భయపడుతూ పాడింది. మీరు పాడితే మేమందరం ఏడ్చేవాళ్ళం. ఇవాళ ఏడవడానికి కూడా భయమేసింది, ఆవిడకి వినిపిస్తుందేమోనని. నాకు చెప్పడం రావడం లేదు. ఇన్నేళ్ళు ఏదేదో రాశాను, ఇలాంటిది ఒకటుంటుందని కూడా తెలియకుండా రాశాను."

మిహ్వా పెదవుల వైపే చూస్తూ ఒక్క మాట కూడా వదలకుండా అందుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి సంతోషం వల్లో ఇంకెందుకో ఆవిడకే తెలియాలి.

"చూశాను. నీ వీపు సీటుని వదిలేసింది. అప్పుడే తెలిసింది నాకు. నీ నోటితో కూడా విందామని అడిగానంతే." తర్వాత చిన్నపిల్లలా అడిగింది. "నేను పాడినప్పుడు ఎప్పుడైనా వదిలిందా?"

దీనికి మాత్రం హేరిమ్ ఆలోచించుకోవాల్సిన పని లేదు. "ఒకసారి. మిమ్మల్ని మొట్టమొదట చూసిన రోజు. మేడ మీద చవక సీటు. కమ్మీ మీదికి వంగిపోయానని వెనకాయన చొక్కా పట్టుకుని లాగి, నలుగురిలో చివాట్లు పెట్టాడు. ఆ రోజు నుంచే ఇలా బిర్రబిగుసుకుని కూర్చోవడం. మళ్ళీ వంగితే మిమ్మల్ని చూడనివ్వరేమోనని."

మిహ్వా చెయ్యి చాచి బల్ల మీద ఉన్న హేరిమ్ చేతిని ఒక్కసారి తట్టింది. "అయితే సరే" అంది. "అయితే చాలు నాకు. ఆఖరి ఆట యోన్‌డుది. తినేసి కంపెనీకి వెళ్ళి చెప్పేస్తాను. ఆ పిల్లకి మాత్రం నేనే చెప్పాలి, ఆ మొహం చూడాలి."

అని గిన్నె దగ్గరికి లాక్కుని, ఎంతో బరువు దించుకున్న మనిషిలా ఆకలిగా తినసాగింది.

అప్పుడే గుమ్మానికి వేలాడుతున్న గుడ్డ తెర పక్కకు తొలిగింది. యోన్‌డు. మొహానికి సగం రంగు ఉంది, సగం తుడిచేసి ఉంది. నెత్తి మీద చిల్‌రే ముడి ఇంకా విప్పలేదు. దగ్గర్నుంచి చూస్తే అలసిపోయిన మామూలు పిల్ల. మిహ్వా వీపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"టీచర్‌గారూ, వెనక్కి తిరగకండి. మీరు చూస్తే నేను చెప్పలేను."

మిహ్వా తిరగలేదు. నూడుల్స్ తింటోంది.

"ఆట మొదలయ్యే ముందే మేనేజర్‌కి చెప్పేశానండీ. రేపటి నుంచి రానని. ఇవాళే మొదలు, ఇవాళే ఆఖరు. ఎడమ వైపంతా ఖాళీగా ఉంది, పాట అటే తిరిగి పాడాలి. ఖాళీ సీట్లకి పాడాను. నా గొంతుకి ఉప్పు రుచి తెలియదని రాశారు. అది చదివిన దగ్గర్నుంచి నోరు తెరిస్తే అదే గుర్తొస్తోంది. ఎవరూ లేరు కదా, గట్టిగా ఎవరి కోసం పాడాలి అనిపించింది. అందుకే అంత నెమ్మదిగా పాడేశాను. మీరు నేర్పినట్టు పాడలేదు. పాట పాడుచేశాను. క్షమించండి."

హేరిమ్ కదలలేదు. లేవాలి, ఆపాలి, ఆ రాసింది నేనేనమ్మా అని చెప్పాలి. కానీ ఎదురుగా ఒక మనిషి గుండె విప్పి మాట్లాడుతుంటే ఊపిరి బిగబట్టి, వీపు ఆనించి, చప్పుడు చెయ్యకుండా చూడటం తప్ప ఇన్నేళ్ళలో ఆమె ఒళ్ళు ఇంకేమీ నేర్చుకోలేదు. శవంలా కూర్చుని చూసింది.

యోన్‌డు నడుము దాకా వంగి ఆ వీపుకు దణ్ణం పెట్టింది. అలాగే వంగి ఒక్క మాట కోసం చూసింది. మిహ్వా గిన్నె ఎత్తి పులుసు తాగింది. యోన్‌డు నిటారుగా నిలబడి, తల ఊపి, "అర్థమైందండీ" అని, తెర తీసుకుని వెళ్ళిపోయింది.

మిహ్వా గిన్నె దించి, మూతి తుడుచుకుని, తల ఎత్తింది. నవ్వు మొహం కాస్తా మెల్లగా మారింది.

"ఏంటి, నీ మొహం అలా పాలిపోయింది? ఎవరైనా వచ్చారా?"

గుమ్మం తెర ఇంకా ఊగుతోంది. దాని సందులోంచి హేరిమ్‌కు ఆ ముడి కనిపిస్తోంది, సందు మలుపు దగ్గర, జనంలో కలవబోతూ. ఇప్పుడు లేచి పరిగెత్తితే అందుతుంది. కానీ మిహ్వా ఆమె పెదవుల వైపే చూస్తూ, జవాబు కోసం ఆమె చేతిని గట్టిగా పట్టుకుని ఉంది.